జెర్సీ మీద ఎవరి పేరు? గ్వాంగ్‌జౌ ఫుట్‌బాల్ క్లబ్ డెబ్బై ఏళ్ల కథ

చైనాలో ఫుట్‌బాల్ 1994లో ప్రొఫెషనల్ లీగ్‌గా మారింది. అప్పటి నుంచి 2024 దాకా 31 సీజన్లు జరిగాయి. విజేతల జాబితా ముందేసుకుని కూర్చుంటే మనసు కలత పడుతుంది. దాలియన్ క్లబ్ ఎనిమిది సార్లు గెలిచింది, ఇప్పుడు లేదు. గ్వాంగ్‌జౌ క్లబ్ ఎనిమిది సార్లు గెలిచింది, అదీ లేదు. 2004 విజేత షెన్‌జెన్ 2024 జనవరిలో మూతపడింది. 2020 విజేత జియాంగ్సు, కప్పు అందుకుని నాలుగు నెలలు తిరక్కముందే తలుపులు మూసేసింది. ఈ 31 సీజన్లలో 18 టైటిళ్లు ఈరోజు లేని క్లబ్‌లవే. ఆసియా చాంపియన్‌గా నిలిచిన తొలి చైనా జట్టు లియావోనింగ్ కూడా జీతాలు ఇవ్వలేక 2020లో పోయింది.

ఒక క్లబ్ పోతే యజమాని చేతకానివాడని సరిపెట్టుకోవచ్చు. సగానికి పైగా టైటిళ్లు గెలిచిన క్లబ్‌లు వరసపెట్టి పోతుంటే ఆ మాట చాలదు. దీనికి వినబడే కారణాలు ప్రధానంగా నాలుగు. రియల్ ఎస్టేట్ కంపెనీల అప్పులే ముంచాయని కొందరంటారు. చైనా ఫుట్‌బాల్ సంఘం మాటిమాటికీ మార్చిన నిబంధనలే ముంచాయని మరికొందరు. లంచాలు, మ్యాచ్ ఫిక్సింగ్ అసలు జబ్బని ఇంకొందరు. కోవిడ్ కాలపు ఖాళీ స్టేడియాలను తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. ఈ నాలుగింటినీ ఒకేచోట పెట్టి పరీక్షించడానికి గ్వాంగ్‌జౌను మించిన క్లబ్ లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. నాలుగు కారణాల్లోనూ నిజం ఉంది. అయితే వాటికంటే ముందే పుట్టిన కారణం ఒకటుంది: ఆ క్లబ్ ఏనాడూ ఆ ఊరి సొత్తు కాలేదు. 1984 నుంచి 2020 దాకా దాని పేరులో ఎవరో ఒక వ్యాపారి కంపెనీ దాదాపు ఎప్పుడూ ఉంది. కంపెనీ మారినప్పుడల్లా పేరు మారింది. చివరి కంపెనీ కూలిపోయినప్పుడు క్లబ్‌ను తమదని చెప్పుకుని నిలబెట్టే హక్కు ఊళ్లో ఎవరికీ లేకపోయింది.

జట్టు పుట్టింది 1954లో. అప్పటి చైనాలో క్రీడాజట్లన్నీ ప్రభుత్వ క్రీడాశాఖల కిందే ఉండేవి, ఆటగాళ్లకు ప్రభుత్వమే తిండీ బసా జీతమూ చూసేది. దక్షిణాన ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఫుట్‌బాల్ పిచ్చి అంతకు చాలా ముందు నుంచే ఉంది. పక్కనే హాంగ్‌కాంగ్, అక్కడ బ్రిటిష్ కాలం నుంచి లీగ్ ఆట. ఉత్తరాది జట్లు ఎత్తూ బలమూ నమ్ముకుంటే దక్షిణాది వాళ్లు చిన్న చిన్న పాస్‌లు, వేగం, బంతి మీద పట్టు నమ్ముకున్నారు. 1970ల్లో జాతీయ జట్టుకు ఆడిన గ్వాంగ్‌జౌ కుర్రవాడు రోంగ్ జిహాంగ్ ఆ శైలికి నిండైన ఉదాహరణ. 1979 నుంచి ఏటా జరుగుతూ వచ్చిన గ్వాంగ్‌డాంగ్–హాంగ్‌కాంగ్ కప్ ఆ ప్రాంతపు జనానికి పండగలాంటిది. ఈ ఊరికి ఫుట్‌బాల్‌ను ఏ కోటీశ్వరుడో నేర్పలేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. డబ్బు రాకముందే అభిమానులున్నారు, ఆటగాళ్లున్నారు, తమదైన ఆటతీరు ఉంది.

1984లో స్థానిక మందుల కంపెనీ బైయున్‌షాన్ ఈ జట్టుకు స్పాన్సర్‌గా వచ్చింది. చైనా ఫుట్‌బాల్‌లో ఒక కంపెనీ ఒక జట్టుతో చేతులు కలపడం అదే మొదలు. ఆర్థిక సంస్కరణలకు ప్రయోగశాల అయిన గ్వాంగ్‌డాంగ్‌లోనే ఇది జరగడంలో ఆశ్చర్యం లేదు. 1993లో అపోలో అనే ఆరోగ్య పానీయాల కంపెనీ నగర క్రీడాశాఖతో కలిసి దీన్ని ప్రొఫెషనల్ క్లబ్‌గా మార్చింది. మరుసటి ఏడు మొదలైన లీగ్‌లో గ్వాంగ్‌జౌ అపోలో రెండో స్థానంలో నిలిచింది. ఆ జట్టులోని హు జిజున్ 17 గోల్స్‌తో లీగ్ మొత్తానికీ టాప్ స్కోరర్. అంతటి జట్టు నాలుగేళ్లకే, 1998లో, కింది శ్రేణికి జారిపోయింది. అపోలో వ్యాపారం అప్పటికే దెబ్బతింది. కంపెనీ జోరు తగ్గితే జట్టు జోరు తగ్గడమన్న వరస ఈ క్లబ్‌లో మొదటిసారి కనిపించింది అక్కడే.

ఆ తర్వాత పదేళ్లు చదవడానికే అలసటగా ఉంటాయి. 2001లో కార్ల కంపెనీ గీలీ వచ్చింది. కొన్ని నెలలకే ఆ కంపెనీ అధిపతి లీ షుఫు రెండో శ్రేణి లీగ్‌లో రిఫరీలకు డబ్బు ముడుతోందని బహిరంగంగా ఆరోపించి, ఫుట్‌బాల్ సంఘం మీద కోర్టుకెళ్లి, ఆటకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ గొడవలోనే బయటపడ్డ గోంగ్ జియాన్‌పింగ్ అనే రిఫరీకి 2003లో పదేళ్ల జైలు పడింది. లంచమిచ్చిన క్లబ్‌ల పెద్దలు మాత్రం చాలావరకు తప్పించుకున్నారు. గ్వాంగ్‌జౌకి మళ్లీ యజమానులు మారారు, మళ్లీ పేర్లు మారాయి. షియాంగ్‌ష్వే, ఆ తర్వాత రిజిచువాన్, ఆ తర్వాత గ్వాంగ్‌జౌ ఫార్మాస్యూటికల్. 2007లో ఎట్టకేలకు పైశ్రేణిలోకి ఎక్కింది. 2010 ఫిబ్రవరిలో పిడుగు పడింది. 2006లో ఈ క్లబ్ మ్యాచ్ ఫిక్సింగ్‌కు పాల్పడిందని తేలడంతో సంఘం దాన్ని కింది శ్రేణికి నెట్టింది. షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో ఉన్న చెంగ్డు క్లబ్‌కీ అదే శిక్ష పడింది.

నెల తిరక్కుండా, 2010 మార్చి 1న, ఎవర్‌గ్రాండ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ 10 కోట్ల యువాన్లకు క్లబ్‌ను కొనేసింది. పరువు పోయి, శిక్ష పడి, దిక్కుతోచక ఉన్న క్లబ్ అంతకంటే చవగ్గా మరెప్పుడూ దొరికేది కాదు. కంపెనీ అధిపతి షు జియాయిన్ అంతకు ముందు ఏడాదే హాంగ్‌కాంగ్ మార్కెట్లో షేర్లు అమ్మి నిధులు సమకూర్చుకున్నాడు. దేశమంతటా ఇళ్లు కట్టి అమ్మడం అతని పని. ఇల్లు పూర్తికాకముందే కొనేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం, ఆ డబ్బుతో ఇంకో చోట స్థలం కొనడం, ఆ స్థలం చూపించి అప్పు తేవడం ఆ వ్యాపార పద్ధతి. దానికి ప్రతి ఊళ్లోనూ నమ్మకం కావాలి, పేరు కావాలి. ఫుట్‌బాల్ ఎందుకు కొన్నావని అడిగితే షు జియాయిన్ దాచకుండా చెప్పేవాడు. జాతీయ టీవీలో ప్రకటనకు సెకన్ల లెక్కన డబ్బు కట్టాలి, ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పదకొండుమంది మన పేరు ఛాతీ మీద వేసుకుని గంటన్నర పరిగెడతారు, ఇంతకంటే చవకైన ప్రచారం ఎక్కడుందని అతని వాదం.

ప్రచారానికి వచ్చాడు కాబట్టి ఆట మీద శ్రద్ధ లేదనుకుంటే పొరపాటు. 2010 వేసవిలో బ్రెజిల్ నుంచి మురీకిని 35 లక్షల డాలర్లకు తెచ్చారు. రెండో శ్రేణి లీగ్ అలాంటి కొనుగోలును అంతవరకూ చూడలేదు. జాతీయ జట్టు కెప్టెన్ జెంగ్ జి, స్ట్రయికర్ గావో లిన్ వచ్చారు. ఆ ఏడే కింది శ్రేణి గెలిచి పైకొచ్చారు, పైకొచ్చిన మొదటి ఏడే, 2011లో, పైశ్రేణి అయిన సూపర్ లీగ్ గెలిచేశారు. అర్జెంటీనా ఆటగాడు డారియో కొంకా కోసం కోటి డాలర్లు పెట్టారు, అప్పట్లో ప్రపంచంలో అత్యధిక జీతం తీసుకునేవాళ్ల సరసన అతని పేరు వినిపించింది. ఆ సీజన్‌లో కంపెనీ పెట్టిన బోనస్ పద్ధతిని దగ్గరగా చూడాలి. గెలిస్తే జట్టుకు 50 లక్షల యువాన్లు. డ్రా అయితే 10 లక్షలు. ఓడితే ఆటగాళ్లే 30 లక్షలు జరిమానా కట్టాలి. సేల్స్ విభాగానికి టార్గెట్లు పెట్టే యజమాని బుర్రలోంచి వచ్చిన పద్ధతి ఇది. నెలల తరబడి జీతాలు అందని రోజులు చూసిన చైనా ఆటగాళ్లకు, చెప్పిన డబ్బు చెప్పిన రోజున చేతికందడమే పెద్ద మార్పు. ఈ మెప్పు ఎవర్‌గ్రాండ్‌కు దక్కాల్సిందే.

2012 మేలో ఇటలీకి ప్రపంచకప్ తెచ్చిపెట్టిన మార్చెల్లో లిప్పి కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడు లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచారు. 2013లో ఆసియా చాంపియన్స్ లీగ్ ఫైనల్ చేరారు. సియోల్‌లో మొదటి మ్యాచ్ 2–2. రెండోది నవంబర్ 9న సొంత ఊళ్లో, తియాన్‌హె స్టేడియంలో. ఎరుపు చొక్కాలతో స్టాండ్లన్నీ కిక్కిరిశాయి. రెండో భాగంలో ఎల్కెసన్ గోల్ కొట్టాడు, కాసేపటికే ఎఫ్‌సీ సియోల్ తరపున దమ్యానోవిచ్ సమం చేశాడు. స్కోరు 1–1గానే ముగిసింది, అవతలి ఊళ్లో కొట్టిన గోల్స్ లెక్కన కప్పు గ్వాంగ్‌జౌది. లియావోనింగ్ తర్వాత ఇరవై మూడేళ్లకు ఒక చైనా క్లబ్ ఆసియా గెలిచింది. ఆ ఏడు జూన్‌లోనే చైనా జాతీయ జట్టు హెఫేలో థాయ్‌లాండ్ చేతిలో 1–5తో చిత్తయి ఉంది. దేశం మొత్తం తలదించుకున్న ఏడాదిలో తలెత్తుకునే రాత్రి ఇచ్చిన జట్టు ఇది. అందుకే ఉత్తరాది ఊళ్లలోనూ ఆ రాత్రి జనం టీవీల ముందు కూర్చున్నారు. జెంగ్ జి ఆ ఏడాది ఆసియా ఉత్తమ ఆటగాడయ్యాడు.

ఆ రాత్రి ఆటగాళ్ల జెర్సీ మీద అంతవరకూ ఎవరూ వినని పేరు ఒకటి కనబడింది. ఎవర్‌గ్రాండ్ కొత్తగా తెస్తున్న మంచినీళ్ల సీసా పేరది. మరునాడు విలేకరుల సమావేశం పెట్టి సరుకు విడుదల చేశారు. దేశం ఇరవై మూడేళ్లుగా ఎదురుచూసిన రాత్రిని ఒక నీళ్ల సీసా ప్రారంభోత్సవంగా వాడుకున్నారు. ఆ నీళ్ల వ్యాపారం కోట్లు నష్టపోయి 2016లో చేతులు మారింది. 2015లో రెండోసారి ఆసియా ఫైనల్‌కు చేరినప్పుడు కథ ఇంకా ముందుకెళ్లింది. డబ్బు కట్టి ఒప్పందం చేసుకున్న కార్ల కంపెనీ పేరు ఉండాల్సిన చోట చివరి నిమిషంలో ఎవర్‌గ్రాండ్ జీవిత బీమా కంపెనీ పేరు వేసుకుని దిగారు. దుబాయ్ అల్ అహ్లీ మీద ఎల్కెసన్ ఒక్క గోల్‌తో కప్పు గెలిచారు. కార్ల కంపెనీ కోర్టుకెళ్లింది, క్లబ్ నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది. సొంత సరుకు కోసం తనను పోషించే స్పాన్సర్‌నే వదులుకునే క్లబ్‌కు బయటి ఆదాయం ఎలా పెరుగుతుంది? క్లబ్ లెక్కలన్నిటికంటే ఈ రెండు రాత్రులే నాకు ఎక్కువ విషయం చెబుతాయి.

అలాగని లెక్కలు తక్కువేమీ చెప్పవు. 2014లో అలీబాబా 120 కోట్ల యువాన్లకు సగం వాటా కొంది. మరుసటి ఏడు క్లబ్ షేర్లు బీజింగ్‌లోని చిన్న కంపెనీల మార్కెట్లో నమోదయ్యాయి. దాంతో ప్రతి ఏడూ లెక్కలు బయటపెట్టక తప్పలేదు. 2015లో నష్టం 95 కోట్ల యువాన్లకు పైగా. 2019లో, ఎనిమిదో టైటిల్ గెలిచిన ఏడాది, 190 కోట్లు దాటింది. సగటున మ్యాచ్‌కు 40 వేలకు పైగా జనం వచ్చే క్లబ్ ఇది, ఆసియాలో అంత ఆదరణ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా టికెట్లు, టీవీ హక్కులు, జెర్సీలు అన్నీ కలిపినా జీతాల ఖర్చుకు దరిదాపుల్లోకి రాలేదు. స్టేడియం సొంతం కాదు. లీగ్ టీవీ హక్కులను 2015లో ఐదేళ్లకు 800 కోట్ల యువాన్లకు కొన్న సంస్థ కూడా మాట నిలబెట్టుకోలేక ఒప్పందం నీరుగారింది. కోవిడ్ వాదన ఇక్కడ తేలిపోతుంది. ఖాళీ స్టేడియాల వల్ల పోయింది మొత్తం ఖర్చులో చిన్న ముక్క. ఆ ముక్క ఉన్న రోజుల్లోనూ క్లబ్ నడిచింది మాతృసంస్థ పంపే సొమ్ము మీదే.

రియల్ ఎస్టేట్ వాదన చాలా గట్టిది. 2010ల్లో సూపర్ లీగ్‌లో ఎక్కువ క్లబ్‌ల వెనుక భూమి వ్యాపారం ఉంది. చైనాలో భూమి ప్రభుత్వానిది, దాని వాడకపు హక్కును నగర ప్రభుత్వాలు అమ్ముతాయి. మేయర్‌కు ఊరి పేరు మార్మోగాలి, బిల్డర్‌కు మేయర్ దయ కావాలి. ఇద్దరికీ పనికొచ్చేది ఫుట్‌బాల్ క్లబ్. ఈ బంధం ఎంతదాకా పోయిందో గ్వాంగ్‌జౌలోనే కనిపిస్తుంది. 2020 ఏప్రిల్‌లో పాన్యు ప్రాంతంలో లక్షమంది పట్టే, తామరపువ్వు ఆకారపు స్టేడియానికి ఎవర్‌గ్రాండ్ శంకుస్థాపన చేసింది. అంచనా 1,200 కోట్ల యువాన్లు. నాలుగు నెలలకు కేంద్ర ప్రభుత్వం బిల్డర్ల అప్పులకు మూడు పరిమితులు పెట్టింది. 30,000 కోట్ల డాలర్లకు పైగా అప్పులున్న ఎవర్‌గ్రాండ్ ఏ ఒక్కదానిలోనూ ఒదగలేదు. 2021 చివరికి చెల్లింపులు తప్పింది. 2022లో స్టేడియం స్థలం తిరిగి ప్రభుత్వానికి పోయింది. షు జియాయిన్‌ను 2023 సెప్టెంబర్‌లో అదుపులోకి తీసుకున్నారు. 2024 జనవరిలో హాంగ్‌కాంగ్ కోర్టు కంపెనీ మూసివేతకు ఆదేశించింది.

ఈ వాదనకు ఒక పరిమితి ఉంది. దాలియన్ వాండాను చూడండి. 1994 నుంచి ఐదేళ్లలో నాలుగు టైటిళ్లు గెలిచిన జట్టది. 1998 ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్లో రిఫరీ తీరు మీద మండిపడి వాండా కంపెనీ అధిపతి వాంగ్ జియాన్‌లిన్ ఫుట్‌బాల్ నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించాడు. అప్పుడు వాండా దివాలా తీయలేదు, యజమానికి కోపం వచ్చిందంతే. తర్వాత షిడె కంపెనీ తీసుకుని ఇంకో నాలుగు గెలిచింది. 2012లో దాని అధిపతి షు మింగ్ రాజకీయ కేసులో అరెస్టయ్యాడు, క్లబ్ మరుసటి ఏడు దాటలేదు. తియాన్‌జిన్ క్లబ్‌ను మూలికా మందుల కంపెనీ చువాన్‌జియాన్ నడిపింది. 2019లో ఆ కంపెనీ అధిపతి అరెస్టయితే క్లబ్ 2020లో పోయింది. జియాంగ్సును నడిపిన సునింగ్ ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల కంపెనీ. చాంపియన్ జట్టును మూసేసిన ఏడాదే దాని చేతిలోని ఇంటర్ మిలాన్ ఇటలీ లీగ్ గెలిచింది. గ్వాంగ్‌జౌలోని రెండో క్లబ్ అయితే షెన్యాంగ్‌లో పుట్టి, చాంగ్షాకు వెళ్లి, షెన్‌జెన్‌కు మారి, 2011లో ఆర్ అండ్ ఎఫ్ అనే బిల్డర్ కొంటే గ్వాంగ్‌జౌ చేరింది, 2023లో అక్కడే మూతపడింది. బిల్డరూ మందుల వ్యాపారీ దుకాణాలవాడూ వేరువేరు కారణాలతో చేతులెత్తేశారు, ఫలితం మాత్రం ఒక్కటే. కాబట్టి తప్పు ఫలానా వ్యాపారానిది అనడం కంటే, ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మీద క్లబ్ ఉనికి ఆధారపడటానిది అనడమే సరి.

నిబంధనల సంగతికొస్తే, ఫుట్‌బాల్ సంఘం చేసిన వాటిలో సదుద్దేశం ఉంది, నిలకడ లేదు. గ్వాంగ్‌జౌ 2016లో జాక్సన్ మార్టినెజ్‌కు 4.2 కోట్ల యూరోలు పెట్టి, గాయాలతో అతని ఆట పెద్దగా చూడకుండానే వదులుకుంది. పౌలిన్యోను 1.4 కోట్లకు కొని 2017లో బార్సిలోనాకు 4 కోట్లకు అమ్మింది, అది అరుదైన లాభం. ఆ ఏడాదే సంఘం విదేశీ ఆటగాళ్ల కొనుగోలుకు కళ్లెం వేసింది. నష్టాల్లో ఉన్న క్లబ్ 4.5 కోట్ల యువాన్లు మించి పెడితే అంతే మొత్తం సంఘం నిధికి కట్టాలంది. 2020 డిసెంబర్‌లో జీతాలకు పరిమితి పెట్టింది. క్లబ్ మొత్తం ఖర్చు 60 కోట్ల యువాన్లు, స్వదేశీ ఆటగాడికి 50 లక్షలు మించకూడదు. అదే సమయంలో క్లబ్ పేర్లలో కంపెనీ పేర్లు ఉండకూడదని ఆదేశించింది. ఈ ఆఖరి నిబంధన న్యాయమైనదేనని నేను నమ్ముతాను. అమలైన సమయం మాత్రం ఘోరం. ఇరవై ఏడేళ్లు కంపెనీ పేరుతో బతకనిచ్చి, వేరే ఆదాయం ఏదీ పెంచుకోకముందే, కోవిడ్ మధ్యలో ఆ పేరు తీసేయమంటే కంపెనీకి క్లబ్‌తో ఇక పనేముంటుంది? సునింగ్ రెండు నెలలకే వెళ్లిపోయింది.

జపాన్ ఇదే పనిని సరైన రోజున చేసింది. జె లీగ్ మొదలైంది 1993లో, గ్వాంగ్‌జౌ జట్టు అపోలో అయిన ఏడాదే. క్లబ్ పేరులో ఊరు ఉండాలి, కంపెనీ ఉండకూడదని మొదటి రోజే షరతు పెట్టారు. ఒక పెద్ద పత్రికా సంస్థ గట్టిగా ఎదురుతిరిగినా వెనక్కి తగ్గలేదు. జపాన్‌లో క్లబ్‌లు పోలేదా అంటే, పోయాయి. 1998లో యోకొహామా ఫ్లూగెల్స్‌ను పోషిస్తున్న నిర్మాణ కంపెనీ చేతులెత్తేస్తే దాన్ని పక్క క్లబ్‌లో కలిపేశారు. 1999 జనవరి 1న ఎంపరర్స్ కప్ గెలిచి ఆ జట్టు అంతరించింది. అభిమానులు విలీనాన్ని ఒప్పుకోలేదు. చందాలు పోగేసి యోకొహామా ఎఫ్‌సీ పెట్టుకున్నారు, 2006లో అది రెండో శ్రేణి గెలిచి పైశ్రేణికి ఎక్కింది. జియాంగ్సు అభిమానులకు అదే దుఃఖం ఉంది, అదే పట్టుదలా ఉండొచ్చు. అలా కూడి ఒక క్లబ్ నడుపుకునే దారిని మాత్రం చైనా ఫుట్‌బాల్ వ్యవస్థ వాళ్లకు తెరిచి పెట్టలేదు.

ఈ దుఃఖం మనకు తెలియనిదేమీ కాదు. పుణె క్లబ్ స్థానంలో 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఏడాదిన్నరకు ఆటగాళ్ల జీతాలు ఆగిపోయాయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టాండ్లలో పసుపు చొక్కాలతో అరిచినవాళ్లను ఎవరూ సంప్రదించలేదు.

అవినీతి వాదన మిగిలింది. దాని పేరు చెబితే ఇవాళ చైనాలో అందరికీ గుర్తొచ్చేది లీ టియె. 2002 ప్రపంచకప్ ఆడిన మిడ్‌ఫీల్డర్, లిప్పి దగ్గర గ్వాంగ్‌జౌలో సహాయకుడు, తర్వాత జాతీయ జట్టు కోచ్. లంచాలిచ్చి ఆ పదవి కొన్నాడని, క్లబ్ కోచ్‌గా ఉండగా మ్యాచ్‌లు కొన్నాడని తేలి 2024 డిసెంబర్‌లో 20 ఏళ్ల జైలు పడింది. సంఘం అధ్యక్షుడిగా చేసిన చెన్ షుయువాన్‌కు అదే ఏడాది మార్చిలో యావజ్జీవం. జీతాల పరిమితి, పేర్ల నిబంధన వచ్చినప్పుడు సంఘం అధ్యక్షుడు ఆయనే. అయినా అవినీతి వల్లే క్లబ్‌లు చచ్చాయనడం సులువైన సమాధానం. ఫిక్సింగ్ తేలిన 2010లో గ్వాంగ్‌జౌ చావలేదు, చవగ్గా అమ్ముడుపోయింది. అవినీతి చంపింది ఆట మీద నమ్మకాన్ని. లెక్క చెప్పాల్సిన అవసరం లేని యజమానీ, లెక్క అడగని సంఘమూ ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలు.

గ్వాంగ్‌జౌ చివరి మూడేళ్ల గురించి పెద్దగా ఎవరూ రాయలేదు, నాకు అవే ఇష్టం. 2021 శరదృతువులో కోచ్ కనవారో వెళ్లిపోయాడు, చైనా పౌరసత్వం ఇచ్చి తెచ్చుకున్న బ్రెజిల్ ఆటగాళ్లు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు చిన్న కుర్రాళ్లు, చాలామంది చింగ్యువాన్‌లో ఎవర్‌గ్రాండ్ 2012లో పెట్టిన ఫుట్‌బాల్ పాఠశాల నుంచి వచ్చినవాళ్లు. దాదాపు 50 మైదానాలు, రియల్ మాడ్రిడ్ కోచ్‌లతో నడిచిన బడి అది. ఆ కంపెనీ చేసిన వాటిలో తన పేరు కంటే ఎక్కువ కాలం నిలిచేది అదొక్కటే. ఆ కుర్రాళ్లు 2022లో 17వ స్థానంలో నిలిచి కింది శ్రేణికి జారారు. అక్కడ పడిపోలేదు. స్పెయిన్ కోచ్ సాల్వా సువాయ్ కింద ఆట నేర్చుకుంటూ, 2024లో పైశ్రేణి అంచుదాకా వచ్చి మూడో స్థానంలో ఆగారు. పేరున్న విదేశీయులు లేకుండా, కోట్ల బోనస్‌లు లేకుండా, దక్షిణాది పాత శైలికి దగ్గరగా ఉండే ఆట ఆడారు. స్టాండ్లలో జనం మళ్లీ పెరిగారు. కొన్ని దశాబ్దాల తర్వాత జట్టు పేరు మళ్లీ ఊరి పేరు మాత్రమే అయింది కూడా ఈ ఏళ్లలోనే.

2025 జనవరి 6న లైసెన్స్ ఉన్న క్లబ్‌ల జాబితా వచ్చింది. అందులో గ్వాంగ్‌జౌ లేదు. పాత అప్పులు తీర్చలేకపోయామని, అభిమానులు మన్నించాలని క్లబ్ ప్రకటించి రద్దయింది. ఆ అప్పులు 2010లలోని కొనుగోళ్లవి, జీతాలవి. వాటి శిక్ష అనుభవించింది ఆ డబ్బులో రూపాయి కూడా చూడని కుర్రాళ్లు. వ్యాపార చట్టం ప్రకారం అప్పు చేసిన సంస్థే మూతపడటం సబబే. ఆటకు సంబంధించిన చట్టం వేరుగా ఉండాలి. అప్పుల్ని యజమాని ఆస్తులకు కట్టి, జట్టునూ దాని చరిత్రనూ ఊరి సంస్థ ఒకదానికి బదిలీ చేసే దారి ఉండి ఉంటే, మూడో స్థానంలో నిలిచిన జట్టు నాలుగు దిక్కులా చెదిరిపోయేది కాదు.

అదే 2025లో జియాంగ్సు రాష్ట్రంలో ఎవరూ ఊహించనిది జరిగింది. 13 నగరాల జట్లతో ఒక ఔత్సాహిక లీగ్ పెట్టారు. విద్యార్థులు, ఉద్యోగులు, టీచర్లు ఆడే లీగ్. నవంబర్ 1న నాన్‌జింగ్ ఒలింపిక్ స్టేడియంలో తైజౌ, నాన్‌టోంగ్ ఫైనల్ ఆడితే 60 వేలమందికి పైగా వచ్చారు, పెనాల్టీల్లో తైజౌ గెలిచింది. సునింగ్ జట్టు సొంత మైదానం అదే. జనానికి ఫుట్‌బాల్ మీద మమకారం పోయిందన్న వాదనకు ఇక ఆస్కారం లేదు. జనం తమ ఊరి పేరుకు వస్తున్నారు. అయితే ఔత్సాహిక లీగ్ ఆటగాడికి పూర్తికాలపు బతుకు ఇవ్వదు, జాతీయ జట్టును తయారుచేయదు. దానికి నిలకడైన క్లబ్‌లు కావాల్సిందే.

దాలియన్‌లో పాత క్లబ్‌లు పోయాక ముందుకొచ్చిన యింగ్‌బో 2025కి సూపర్ లీగ్‌లోకి ఎక్కింది, ఊరు ఊరంతా దాని వెంట ఉంది. గ్వాంగ్‌జౌలో గ్వాంగ్‌జౌ పవర్ అనే కొత్త క్లబ్ 2025లో రెండో శ్రేణిలో ఆడింది. ఈ రెండు క్లబ్‌ల ముందూ ఉన్న పని ఒకటే. టైటిళ్లు రాకముందే, ధర పెరగకముందే, నగర సంస్థలకూ సీజన్ టికెట్ కొనే అభిమానులకూ పేరునీ చిహ్నాన్నీ ఊరునీ మార్చకుండా ఆపగల వాటా ఇవ్వాలి. క్లబ్‌ల యాజమాన్యం ఒక్కరి చేతిలో ఉండకూడదనీ పేర్లు కంపెనీలవి కాకూడదనీ చైనా ప్రభుత్వమే 2015 మార్చిలో విడుదల చేసిన ఫుట్‌బాల్ సంస్కరణ ప్రణాళికలో రాసుకుంది. పేర్ల సంగతి ఐదేళ్ల తర్వాత అమలు చేశారు. యాజమాన్యం సంగతి ఇంకా మిగిలే ఉంది.